ఐదు పావుల బియ్యం

మొన్న ఆదివారం మా పాప మొదటిసారి తనంతట తనే ఉప్మా చేస్తానంది. ఆరో తరగతి చదువుతోంది. ఉల్లిపాయలు తరగడం, పోపు పెట్టడం వచ్చు. కొలత మాత్రం నన్నడిగింది. మా ఇంట్లో ఉప్మా కొలత మా అవ్వ కాలం నుంచీ ఒకటే: గ్లాసు రవ్వకి రెండున్నర గ్లాసుల నీళ్లు. అది చెప్పేసి నేను బట్టలు ఆరేయడానికి మేడ మీదికి వెళ్లాను. ఆ రోజు హిందూపురం నుంచి మా తమ్ముడూ మరదలూ వచ్చి ఉన్నారు. గ్లాసు రవ్వ చాలదని పాప ఒకటీ ముప్పావు గ్లాసు తీసుకుంది. దానికి ఎన్ని నీళ్లు పోయాలో నోట్‌బుక్ చివరి పేజీలో లెక్క వేసుకుంది.

నేను దిగి వచ్చేసరికి గరిట కదలడం లేదు. రవ్వ ఉండలు కట్టి అడుగంటుతోంది. పాప కళ్ల నిండా నీళ్లు. "లెక్క కరెక్టే అమ్మా, రెండుసార్లు చూసుకున్నా" అంటోంది.

స్టవ్ ఆపి నోట్‌బుక్ చూశాను. 1¾ ని 2½ తో గుణించింది. ఒకటిని రెండుతో గుణిస్తే రెండు. ముప్పావుని అరతో గుణిస్తే ⅜. రెండూ పక్కపక్కన పెట్టి 2⅜ అని రాసి, కింద రెండు గీతలు కొట్టింది. రెండు గ్లాసులూ, మూడో గ్లాసులో సగానికి కాస్త తక్కువా కొలిచి పోసింది. గ్లాసు రవ్వకే రెండున్నర కావాలంటే, దాదాపు రెండు గ్లాసుల రవ్వకి అంతకన్నా తక్కువ నీళ్లు ఎలా సరిపోతాయి? ఆ ప్రశ్న పాపకి రాలేదు. కాగితం మీద లెక్క కుదిరింది, అంతే.

అదే నోట్‌బుక్ మొదటి పేజీలు తిప్పితే నాకు ఇంకా బాధ వేసింది. నెల క్రితం స్కూల్లో ఇచ్చిన వర్క్‌షీట్ అందులో అంటించి ఉంది. ఇరవై లెక్కలు. పది ఇంప్రాపర్ ఫ్రాక్షన్ (7/4 లాంటివి) నుంచి మిక్స్‌డ్ ఫ్రాక్షన్‌లోకి (1¾ లాంటివి), పది అటు నుంచి ఇటు. ఇరవైకి ఇరవై. 1¾ ని 7/4 గా, 2½ ని 5/2 గా మార్చడం పాపకి నిద్రలో లేపి అడిగినా వచ్చు. మరి ఉప్మా లెక్కలో ఎందుకు మార్చలేదు?

అడిగాను. "ఇంప్రాపర్ అంటే కరెక్ట్ కాదు కదమ్మా. అలా వదిలేస్తే మార్కు కట్ చేస్తారు" అంది. చూపించింది కూడా. ఇంకో పేజీలో ఒక కూడిక లెక్కకి జవాబు 11/4 అని రాసింది. జవాబు సరైనదే. పక్కన ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి, 2¾ అని దిద్ది, అర మార్కు తీసేశారు. ఆ అర మార్కు పాపకి ఒక పాఠం నేర్పింది: ఇలాంటి భిన్నం కనబడితే దాన్ని వెంటనే వదిలించుకోవాలి. అలాంటప్పుడు మంచిగా కనబడుతున్న 1¾ ని తనే చేతులారా 7/4 గా ఎందుకు మారుస్తుంది?

ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ అర మార్కే. ఆ టీచర్ మీద నాకు కోపం లేదు, ఆమెకి పైనుంచి వచ్చిన పద్ధతి అది. కానీ ఆ పద్ధతి తప్పని నా గట్టి అభిప్రాయం. అపక్రమ భిన్నం (ఇంప్రాపర్), మిశ్రమ భిన్నం (మిక్స్‌డ్) అనేవి ఒకే పరిమాణాన్ని రెండు పాత్రలతో కొలవడం. ఒకటి చిన్న పాత్ర, ఇంకొకటి పెద్ద పాత్ర. ఎప్పుడు ఏ పాత్ర చేతిలోకి తీసుకోవాలో తెలియడమే అసలు చదువు. మన పిల్లలకి మార్చడం నేర్పుతున్నాం, ఎప్పుడు మార్చాలో మాత్రం చెప్పడం లేదు.

పాత్ర అన్న మాట ఊరికే వాడలేదు. మేము ఉండేది బెంగళూరు బనశంకరిలో. మా పక్కింట్లో ఒక కన్నడ ఆంటీ ఉంటారు, డెబ్బై దాటిన మనిషి. వాళ్ల వంటింట్లో ఇప్పటికీ బియ్యం కొలిచేది పావుతోనే. కన్నడంలో పావు అంటే సేరులో నాలుగో వంతు, ఆ కొలత పట్టే గిన్నె పేరు కూడా అదే. ఆంటీ దగ్గరున్నది ఇత్తడిది, అడుగున చిన్న సొట్ట, వాడి వాడి అంచు పలచబడింది. బియ్యంలో ముంచి పైకి తీస్తారు, అరచేత్తో ఒక్కసారి అంచు మీదుగా తోస్తారు, మిగిలిన గింజలు డబ్బాలో రాలిపోతాయి. వాళ్ల అబ్బాయి కుటుంబం వచ్చినప్పుడల్లా "ఐదు పావు అక్కి" అంటారు. ఐదు పావుల బియ్యం.

ఐదు పావులంటే 5/4 సేరు. నిఖార్సైన అపక్రమ భిన్నం. డెబ్బై ఏళ్ల మనిషి రోజూ నోటితో అంటున్న మాట. ఆమెని ఎవరైనా "ఒందూకాలు (ఒకటింబావు) సేరు అనాలి, లేకపోతే తప్పు" అంటారా? చేతిలో ఉన్నది పావు గిన్నె కాబట్టి పావుల్లో లెక్కపెడుతున్నారు. సేరు గిన్నె ఉంటే ఒక సేరూ ఒక పావూ అంటారు. మా ఇంటికి వచ్చే అరలీటర్ నందిని పాల ప్యాకెట్ల సంగతీ ఇంతే. పండగ రోజు ఏడు తెప్పిస్తే ఏడు ప్యాకెట్లు అంటాం, పాయసానికి పాలెన్ని అంటే మూడున్నర లీటర్లు అంటాం. (2024 జూన్ నుంచి 2025 మార్చి దాకా ఆ ప్యాకెట్‌లో 550 మిల్లీలీటర్లు ఉండేవి. ఆ నెలల్లో ఏడు ప్యాకెట్లంటే మూడున్నర కాదు, 3.85 లీటర్లు. ముక్క సైజు మారితే లెక్కంతా మారుతుందని పాపకి చూపించడానికి అంతకన్నా మంచి అవకాశం రాదు, నేనే వదిలేసుకున్నాను.)

ఇప్పుడు ఉప్మా దగ్గరికి వద్దాం. 1¾ అంటే ఎన్ని పావులు? ఒక గ్లాసులో నాలుగు పావులు, ఇంకో మూడు, మొత్తం ఏడు. 2½ అంటే ఎన్ని అరలు? రెండు గ్లాసుల్లో నాలుగు, ఇంకొకటి, మొత్తం ఐదు. ఏడు పావుల్ని ఐదు అరలతో గుణిస్తే ముప్పై ఐదు ముక్కలు. పావులో సగం అరపావు, అంటే గ్లాసులో ఎనిమిదో వంతు. 35/8. ఇప్పుడు గ్లాసులుగా కట్టుకుందాం: ఎనిమిది నాలుగులు ముప్పై రెండు, మిగిలింది మూడు. నాలుగు గ్లాసులూ మూడు అరపావులూ. వంటింటి భాషలో నాలుగున్నరకి అరపావు తక్కువ. పాప పోసింది రెండున్నరకి అరపావు తక్కువ. సరిగ్గా రెండు గ్లాసుల నీళ్లు ఎగిరిపోయాయి. ఎక్కడికి? పూర్తి గ్లాసు రవ్వకి రావాల్సిన అర గ్లాసు నీళ్లు, ముప్పావు రవ్వకి రావాల్సిన రెండు ముప్పావులు, అంటే గ్లాసున్నర. ఈ రెండు గుణకారాలూ అసలు చేయనే లేదు.

వేడినీళ్లు ఇంకో రెండు గ్లాసులు పోసి తిప్పాం. మెత్తబడింది గానీ ఉండలు పోలేదు. మా తమ్ముడు రెండోసారి కూడా పెట్టించుకుని తిన్నాడు, మేనమామ కదా.

ఇక్కడ మన తెలుగు గురించి ఒక మాట చెప్పాలి. కాగితం మీద 1¾ అని రాసినప్పుడు ఒకటికీ ముప్పావుకీ మధ్య ఏమీ ఉండదు. కూడిక గుర్తు లేదు, గుణకారం గుర్తు లేదు. పిల్లకి రెండూ వేరు వేరు సంఖ్యల్లా కనబడ్డాయి, దేనికదే గుణించేసింది. కానీ నోటితో అని చూడండి: ఒకటీ ముప్పావు. ఆ "టీ"లో దీర్ఘం ఉంది చూశారా, అదే కూడిక గుర్తు. నువ్వూ నేనూ, అన్నమూ పప్పూ, అమ్మా నాన్నా అన్నప్పుడు రెంటినీ కలిపేది ఆ దీర్ఘమే. ఒకటింబావు, రెండున్నర, మూడూ ముప్పావు, వీటన్నిటిలో కూడిక మాటలోనే దాగి ఉంది. మా పాప ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, బడిలో ఇంగ్లీషు మాట్లాడుతుంది. కూరగాయల బండి దగ్గర "కాల్ కేజీ" అంటే పావు కిలో అని తెలుసు. కానీ ఒకటింబావు అంటే దానికి తెలియదు. వన్ పాయింట్ టూ ఫైవ్ అంటేనే తెలుసు. ఆ మాట ఇంట్లో వాడకుండా వదిలేసింది మేమే. ఈ మధ్య మళ్లీ పట్టుబట్టి వాడుతున్నాను.

కన్నడంలో, తమిళంలో నాలుగో వంతుకి కాలు అంటారు. మన పావు సంస్కృతంలోని పాదం నుంచి వచ్చింది. రెండూ కాళ్లే. నాలుగు కాళ్లున్న జంతువులో ఒక కాలు. మనకీ ముక్కాలు ఉంది, ముప్పావుకి పాత పేరు. "ముక్కాలు మువ్వీసం మంది వచ్చారు" అని మా నాయన అనేవారు, దాదాపు అందరూ వచ్చారని. నేను చాలా ఏళ్ల తరవాతే దాన్ని లెక్కగా చూశాను. వీసం అంటే పదహారో వంతు. ముక్కాలు అంటే పన్నెండు వీసాలు, మువ్వీసం అంటే మూడు వీసాలు. మొత్తం పదిహేను. పదహారింట పదిహేను మంది వచ్చారన్నమాట! ఒక్క వీసం తక్కువ. పదహారణాల తెలుగు అన్నప్పుడు ఆ ఒక్కటి కూడా చేరిపోయి నిండు రూపాయి అవుతుంది.

ఆ రోజుల్లో తెలుగు లెక్కల్లో భిన్నాలకి వేరే అంకెలే ఉండేవి. పావులకి నిలువు గీతలు, వీసాలకి అడ్డ గీతలు, ఇంకా చిన్న ముక్కలకి మళ్లీ నిలువు, మళ్లీ అడ్డం. ప్రతి మెట్టూ ముందు దానిలో నాలుగో వంతు. ఒక మెట్టులో మూడు గీతల వరకే రాస్తారు, నాలుగైతే పై మెట్టుకి ఒకటి వెళ్తుంది. అంటే ఆ రాతలో అపక్రమం నుంచి మిశ్రమానికి మారడం ప్రతి కూడికలోనూ దానంతటదే జరిగిపోతుంది. ఆ అంకెల్ని 2008లో యూనికోడ్‌లో చేర్చారు కాబట్టి ముక్కాలు మువ్వీసాన్ని ఈ పేజీలో కూడా రాయొచ్చు: ౻౾. మీ ఫోన్‌లో డబ్బాల్లా కనబడితే ఫాంట్ లేదని అర్థం.

1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయి నూరు పైసలైంది, అణాలు పోయాయి. పావలా మాత్రం ఇరవై ఐదు పైసలుగా ఇంకో యాభై ఏళ్లు బతికింది. 2011 జూన్ 30 నుంచి అదీ చెల్లకుండా పోయింది. ఐదు పావలాలు చేతిలో పెట్టి రూపాయి పావలా ఎలా అవుతుందో చూపించే అవకాశం నా చిన్నప్పుడు ప్రతి కిరాణా కొట్లోనూ ఉండేది. మా పాప పావలా బిళ్లని చూడనే లేదు. దశాంశాలు వచ్చినందుకు నాకేం బాధ లేదు, వాటితో ఎంత సుఖమో తెలుసు. పోయిన చేతి అనుభవాన్ని బడి భర్తీ చేయాలి కదా అన్నదే నా గోడు.

పేరు సంగతి కూడా తేల్చేద్దాం. నేను హిందూపురంలో తెలుగు మీడియంలో చదివాను. లవం (పై అంకె) కంటే హారం (కింది అంకె) పెద్దదైతే క్రమ భిన్నం, లవం పెద్దదైతే అపక్రమ భిన్నం అని బట్టీ పట్టాం. అపక్రమం అంటే క్రమం తప్పినది. ఇంగ్లీషులో ఇంప్రాపర్. రెండు భాషల్లోనూ పేరులోనే తప్పు మోపేశారు. మన పాత గణితంలో ఈ మార్పిడికి ఉన్న పేరు ఎంత బావుంటుందో చూడండి: భాగానుబంధం. పూర్ణానికి భాగాన్ని జతచేయడం. పూర్ణంలోంచి భాగాన్ని తీసేయాల్సి వస్తే భాగాపవాహం. మనం పావు తక్కువ ఆరు అంటామే, అది. తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో, ఈ కన్నడ దేశంలోనే, మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో ఈ రెంటినీ చెప్పాడు. దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు పావులూరి మల్లన. 1150 నాటి భాస్కరుడి లీలావతిలోనూ ఇవే పేర్లు. పూర్ణాన్ని హారంతో గుణించి లవాన్ని కలపాలన్న సూత్రం కూడా ఇప్పటిదే. అప్పట్లో పూర్ణాన్ని పైన, దాని కింద లవాన్ని, ఆ కింద హారాన్ని నిలువుగా రాసేవారు. లెక్క ఒకటే, రాత వేరు. ఒక రూపాన్ని తప్పు అనడం మాత్రం ఆ పేర్లలో లేదు.

నా స్నేహితురాలు ఒకామె పీయూ కాలేజీలో, అంటే మన ఇంటర్‌లో, లెక్కలు చెబుతుంది. ఈ ఉప్మా కథ చెబితే ఆమె పూర్తిగా అటువైపుకి వెళ్లిపోయింది. "మిశ్రమ భిన్నాలు నేర్పడమే దండగ" అంది. ఆమె వాదన ఇది: బీజగణితంలో రెండు గుర్తుల మధ్య ఏమీ లేకపోతే గుణకారం అని చెబుతాం. 2x అంటే రెండు x లు. కానీ 2½ లో ఏమీ లేకపోతే కూడిక. పిల్లలు తికమకపడి 2½ ని ఒకటి చేసేస్తారు. పదకొండో క్లాసులో కూడా. కాబట్టి ఆరో తరగతి నుంచే 5/2 అలవాటు చేయాలి, మార్కెట్‌లో కావాలంటే 2.5 ఉంది కదా, ఫోన్‌లో కాలిక్యులేటర్ ఉంది కదా.

సగం ఒప్పుకుంటాను. లెక్క నడుస్తున్నంతసేపూ 5/2 యే మేలు, ఉప్మా లెక్క చెడింది అలా మార్చకపోవడం వల్లే. కానీ 5/2 చూడగానే అది ఎంత పెద్దదో తెలుస్తుందా? 35/8 చూసి గిన్నె సరిపోతుందో లేదో చెప్పగలమా? 4⅜ అనగానే ఐదు గ్లాసుల గిన్నె తీయాలని చెయ్యి వెళ్తుంది. పాప తన జవాబుని "రెండున్నరకి తక్కువ" అని ఒక్కసారి నోటితో అనుకుని ఉంటే అక్కడే ఆగేది. మిశ్రమ రూపం లెక్కకి కాపలా. ఇక దశాంశాలంటారా, మూడో వంతుని దశాంశంలో రాయడం మొదలుపెడితే ఎప్పటికీ ముగియదు. మందుల షాపులో రోజుకి ఒకటిన్నర మాత్ర చొప్పున పది రోజులకి పదిహేను మాత్రలు అని చెప్పేవాళ్లకి 1.5 అక్కర్లేదు.

కొన్ని చోట్ల మిశ్రమంలో ఉంచి గుణించడమే సుఖం. రాత్రి పది దాటాక యశవంతపుర స్టేషన్‌లో దిగితే ఆటోవాళ్లు "ఒన్ అండ్ హాఫ్" అంటారు. మీటర్ మీద ఒకటిన్నర, రాత్రి పది నుంచి ఉదయం ఐదు దాకా. మీటర్ 124 అయితే ఎవరూ 3/2 తో గుణించరు. అందులో సగం 62 కలిపి 186 ఇస్తారు. అవతలి సంఖ్య నిండు సంఖ్య, మనదాంట్లో చిన్న తోక ఒక్కటే ఉంది, ముందు నిండుని తీసుకుని తోకని జతచేస్తే చాలు. రెండు వైపులా తోకలుంటేనే చిక్కు. ఈ తేడా పిల్లలకి ఒక్క పీరియడ్‌లో చెప్పొచ్చు. నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు, నలభై దాటాక ఉప్మా మాడితే తెలిసింది.

అసలు భిన్నాలు చేతుల్లో ఎలా ఉంటాయో చూడాలంటే మా వీధి చివర టైలర్ దగ్గరికి వెళ్లాలి. కదిరి నుంచి ఇరవై ఏళ్ల క్రితం వచ్చిన మనిషి. పోయిన నెల నా జాకెట్టు కొలత తీసుకున్నారు. ఛాతీ ముప్పై నాలుగున్నర. గుడ్డ నాలుగు మడతలు కాబట్టి దాంట్లో నాలుగో వంతు కావాలి. నేను మనసులో లెక్క మొదలుపెట్టాను: 34½ అంటే 69/2, నాలుగో వంతు 69/8, ఎనిమిది ఎనిమిదులు అరవై నాలుగు, మిగిలింది ఐదు, అంటే 8⅝. నేను అక్కడికి చేరేలోపు ఆయన టేపుని ముప్పై నాలుగున్నర దగ్గర పట్టుకుని, ఇత్తడి కొసని దాని మీదికి తెచ్చి సగానికి మడిచారు. మళ్లీ సగానికి మడిచారు. మడత పడిన చోట గోరు పెట్టి చూసి "ఎనిమిదిన్నర మీద ఒక గీత అమ్మా" అన్నారు. టేపులో అంగుళానికి ఎనిమిది గీతలు. అరకి నాలుగు గీతలు, ఇంకొకటి ఐదు. 8⅝. కుట్టుకీ లూజుకీ కలుపుకుని సుద్దతో గీసేశారు.

ఆయన చేసిందాంట్లో రెండు రూపాలూ ఉన్నాయి. మడిచినప్పుడు టేపుకి ముప్పై నాలుగూ అరా అనే తేడా తెలియదు, ఒకటే పొడవు. అది అపక్రమ రూపం చేసే పని: నిండు, తోక అనే భేదం చెరిపేసి అంతటినీ ఒకే ముక్కగా చూడటం. గోరు పెట్టి చదివినప్పుడు మళ్లీ ఎనిమిది, అర, ఒక గీత వచ్చాయి. అది చెప్పుకోవడానికి, గీసుకోవడానికి. ఇంటికి వచ్చి పాప చేత అదే చేయించాను. రెండు టేపులు చినిగాయి, మూడోదానితో మడతలు కుదిరాయి.

పెద్దవాళ్లం కూడా ఇందులో దెబ్బ తింటాం. మా అమ్మ పుట్టిల్లు గౌరీబిదనూరు పక్కన పల్లె. హిందూపురానికి దగ్గరే, మధ్యలో రాష్ట్రం సరిహద్దు. మా వైపు భూమి ఎకరాలు, సెంట్లు. ఎకరానికి నూరు సెంట్లు. అటువైపు ఎకరాలు, గుంటలు. ఎకరానికి నలభై గుంటలు, గుంటకి పదహారు అణాలు. అవును, రూపాయిలోంచి పోయిన అణాలు కర్ణాటక పహాణీల్లో, అంటే భూమి రికార్డుల్లో, ఇంకా ఉన్నాయి. తాతగారి పొలం 3-15 అని కాగితంలో ఉంది. నలుగురు పంచుకోవాలి, ముగ్గురు మామలూ మా అమ్మా. సెంట్లలో పెరిగిన మా తమ్ముడు ఫోన్‌లో 3.15 కొట్టి నాలుగుతో భాగించాడు. తలా 78 సెంట్ల చిల్లర అన్నాడు.

3-15 అంటే మూడు ఎకరాల పదిహేను గుంటలు. 3.15 కానే కాదు. మూడింటిని నాలుగుకి పంచలేం కాబట్టి చిన్న పాత్రలోకి దిగాలి. మూడు నలభైలు నూట ఇరవై, పదిహేను కలిపితే 135 గుంటలు. 135/40 ఎకరాలు. నాలుగుకి పంచితే తలా 33 గుంటలు, మూడు గుంటలు మిగులుతాయి. ఇంకా చిన్న పాత్రలోకి దిగితే ఆ మూడు గుంటలు 48 అణాలు, తలా పన్నెండు. ఒక్కొక్కరికి 33 గుంటల 12 అణాలు. సెంట్లలోకి తెస్తే 84 పైన. తమ్ముడి లెక్కకీ దీనికీ తేడా మనిషికి రెండుంబావు గుంటలు, అంటే 2,450 చదరపు అడుగులు. బెంగళూరులో ముప్పై-నలభై సైట్ అంటే 1,200. రెండు సైట్లకి పైన తేడా! మామ మొహంలో రంగు మారడం నేను చూశాను. ఎవరిదీ మోసం కాదు. ఒక గీతని చుక్క అనుకున్నాడు, అంతే. కానీ ఇలాంటి చోట పుట్టిన అనుమానాలు అన్నదమ్ముల మధ్య ఏళ్ల తరబడి ఉండిపోతాయి.

క్రికెట్‌లోనూ ఇదే చుక్క. 2024 మే 18న చిన్నస్వామిలో చెన్నైతో బెంగళూరు ఆడిన ఐపీఎల్ మ్యాచ్ గుర్తుందా? ప్లేఆఫ్‌కి వెళ్లాలంటే ముందు బ్యాటింగ్ చేసి రెండువందలు కొడితే కనీసం పద్దెనిమిది పరుగుల తేడాతో గెలవాలి, 201 ఛేదించాల్సి వస్తే 18.1 ఓవర్లలో ముగించాలి అని ఊరంతా జపం చేసింది. 18.1 అంటే 18 మీద ఆరో వంతు, 109 బంతులు. 18.3 అంటే పద్దెనిమిదిన్నర. మ్యాచ్ బిగుసుకున్నకొద్దీ కామెంటేటర్లు ఓవర్లు వదిలేసి బంతుల్లోకి దిగుతారు: 22 బంతుల్లో 38 అంటారే గానీ 3.4 ఓవర్లలో అనరు. మా పాపకి అది చిన్నప్పటి నుంచీ అలవాటే. "22/6 ఇంప్రాపర్ కదా, మరి ఎందుకు తప్పనరు?" అని నేనడిగితే ఆలోచించి "అక్కడ బంతులే కదమ్మా ముఖ్యం" అంది.

2024లో వచ్చిన ఎన్‌సీఈఆర్‌టీ ఆరో తరగతి లెక్కల పుస్తకం భిన్నాల్ని చిన్న ముక్కల లెక్కగానే మొదలుపెడుతుంది: ముప్పావు అంటే మూడు పావులు. చూసి సంతోషపడ్డాను. పుస్తకం అలా ఉన్నా పేపర్ దిద్దే చేయి పాత పద్ధతిలోనే ఉంటే ఏం లాభం? పిల్లలు పుస్తకం కంటే ఎర్ర ఇంకునే ఎక్కువ నమ్ముతారు.

వచ్చే శనివారం పాప స్కూల్లో పేరెంట్స్ మీటింగ్ ఉంది. ఆ అర మార్కు తిరిగి ఇమ్మని అడగను. రెండు అడుగుతాను. మిశ్రమ భిన్నంలోనే జవాబు కావాలనుకుంటే ప్రశ్నలోనే ఆ మాట రాయండి, రాయకపోతే 11/4 కి పూర్తి మార్కు ఇవ్వండి. ఆ ఇరవై లెక్కల వర్క్‌షీట్‌లో ఐదు తీసేసి, వాటి బదులు ఏ రూపంలో ఉంచితే పని సులువో పిల్లల్నే చెప్పమనే ప్రశ్నలు పెట్టండి. పక్కింటి ఆంటీని ఇత్తడి పావు ఒక్క పూట ఇమ్మని అడిగాను. ఎందుకని అడిగారు. చెప్పాను. "పావు ఒక్కటే తీసుకెళ్తే ఏం చూపిస్తావు, సేరు కూడా తీసుకెళ్లు" అని అటక మీంచి దాన్ని కూడా దింపించారు.